అలలపలక మంచుమీదికి, పడవకాలువ మెట్టకు

కడప జిల్లాలో కమలాపురము పాపఘ్ని చెంతనున్న ఊరు. ఊరికి సమీపముననే పాపఘ్ని పెన్నలో కలియును. ఈ ఏళ్లలో సంవత్సరమున ఎక్కువ దినములు కనుపించునది ఇసుక. నీరు కనుపించునది కొన్నాళ్లు మాత్రమే. ఇట్టి ఊరిలో కూర్చుండి సముద్రపు టలలను గూర్చియు, మంచుకొండలను గూర్చియు మాటలాడుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. ఆ వింతయే నేటి ప్రసంగమునకు కారణమైనది.

నా మేనల్లుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. చలికాలపు సెలవులలో మంచుకొండలపై పలకనెక్కి జారుట వానికి క్రొత్తగా అబ్బిన సరదా. క్రిందటి సంక్రాంతికి కమలాపురము వచ్చినపుడు వాడు ఒక పలక బొమ్మను నాకు చూపెను. దాని ముందుభాగము వెడల్పు. వెనుకభాగము సన్నగిలి, చేపతోకవలె రెండుగా చీలియున్నది.

“మామా, ఇది సముద్రంలో అలల మీద ఆడే పలకను చూసి చేసిందంట. అందరూ వాడే దాని మాదిరి లేదు. కొనేదా, వద్దా?” అని అడిగెను.

మేము కూర్చున్న వసారాలో, మా యింటి గొర్రుకు క్రొత్త పళ్లు బిగించుచున్న ముసలి వడ్రంగి ఒకడుండెను. అతడు బొమ్మను అందుకొని, దూరముగా పట్టి, దగ్గరగా పట్టి చూచెను.

“యా నేలకు చేసినారు నాయనా దీన్ని?”

“మంచు మీదికి, పెద్దాయనా.”

“మంచులో గూడా మెత్తది, గట్టిది ఉంటాదా?”

“ఉంటుంది.”

“అయితే యా మంచుకో తెలుసుకోని కొను,” అని బొమ్మను తిరిగి యిచ్చి, అతడు తన పనిలో పడెను.

ఆ ప్రశ్న నన్ను చాలదినములు వెంటాడినది. ఒక చోట పుట్టిన పనిముట్టు మరియొక చోటికి పోయినపుడు ఏమగును? అది అలవాటు లేనిదను కారణమున త్రోసివేయదగునా? క్రొత్తది గనుక మంచిదని చేపట్టదగునా? ఈ రెండు తొందరపాట్లును చరిత్రలో పెక్కుమార్లు జరిగినవి. కొన్ని మన కడప, కర్నూలు సీమలలోనే జరిగినవి. మేనల్లుని పలకతో మొదలిడి, మన కాలువ దాకా ఆ కథను చెప్పుకొందము.

అలలపై నిలిచి ఒడ్డునకు జారివచ్చెడి ఆటకు పుట్టినిల్లు పసిఫికు మహాసముద్రపు దీవులు. అందును ముఖ్యముగా హవాయి. 1778–79 సంవత్సరములలో కెప్టెన్ కుక్కు తుది యాత్రలో అచ్చటికి పోయిన ఆంగ్లనావికులు ఈ ఆటను చూచి ఆశ్చర్యపడి వ్రాసిరి. ఇరువదవ శతాబ్ది మొదటిభాగమున అది కాలిఫోర్నియా తీరమునకు వచ్చెను. అలలపలకకు అడుగున చుక్కానివంటి చిన్న రెక్కను 1935లో టామ్ బ్లేకు అనునతడు అమర్చెను. అంతవరకు పలకను త్రిప్పవలెనన్న కాలిని నీటిలో ఈడ్చుకొనవలసి వచ్చెడిది.

సముద్రము విడిచి ఈ పలక మంచుమీదికి ఎక్కిన తేదీ మనకు తెలియును. అది 1965 డిసెంబరు 25, క్రిస్మసు దినము. అమెరికాలో మిచిగను రాష్ట్రమున మస్కీగను అను పట్టణములో షెర్మను పాపెను అను గృహస్థుడు, ఇంటిలో అల్లరి చేయుచున్న కూతుళ్లను బయటికి పంపుటకై, రెండు స్కీ కర్రలను ప్రక్కప్రక్కన చేర్చి బిగించి, దానిపై నిలిచి జారుడని చెప్పెను. మంచుగుట్ట అతనికి కదలక నిలిచిపోయిన కెరటమువలె కనుపించెనట. మంచునకును, అలలకును గల ఆంగ్లపదములను కలిపి అతని భార్య దానికి ‘స్నర్ఫరు’ అని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరమే బ్రన్స్‌విక్ అను కంపెనీ దానిని తయారుచేయ మొదలుపెట్టెను. పాదములను బిగించు పట్టీలు లేవు. ముందుకొనకు కట్టిన త్రాటిని చేతపట్టుకొని జారుటయే. పెద్దలు దానిని పిల్లల బొమ్మ అనిరి.

ఆ బొమ్మనే శ్రద్ధగా చూచినవారు కొందరు బయలుదేరిరి. డిమిట్రియె మిలోవిచ్ అను ఇంజనీరింగు విద్యార్థి కళాశాల భోజనశాలలోని పళ్లెములపై కూర్చుండి మంచుమీద జారుటతో మొదలిడి, చదువు విడిచి యూటా రాష్ట్రపు కొండలకు పోయెను. అలలపలకల రూపమును మనసునందుంచుకొని అతడు 1970ల తొలి సంవత్సరములలో ‘వింటర్‌స్టిక్’ పలకలను చేసెను. చీలినతోక పలక అతని పేరుతో ప్రసిద్ధమైనది. ఇంచుమించు ఆ కాలముననే, 1977లో, జేక్ బర్టను అనునతడు అమెరికా తూర్పుభాగమున వెర్మాంటు రాష్ట్రములో మరియొక పలకల కర్మాగారమును స్థాపించెను. అతడు పాదములకు పట్టీలను అమర్చెను. 1979లో మస్కీగనులో జరిగిన స్నర్ఫరు పోటీకి అతడు ఆ పట్టీల పలకతో పోగా, ఇది మా నిబంధనలకు లోబడినది కాదని కొందరు అడ్డుచెప్పిరి. చివరకు అతనికొరకు వేరొక తరగతిని ఏర్పరచవలసి వచ్చెను. దానిలో అతడే గెలిచెను.

ఇక్కడనే వడ్రంగి ప్రశ్నకు సమాధానము దొరకును. యూటా కొండల మంచు తేలికయైనది, పొడియైనది, లోతైనది. అందులో పలక దిగబడక తేలవలెను. ముందుభాగము వెడల్పుగాను, మనిషి నిలుచు చోటు కొంత వెనుకగాను, తోక సన్నగాను ఉన్నచో, తోక కొంచెము మునిగి ముందుభాగము పైకి లేచును. నీటిమీద అలలపలక చేయు పనియే ఇది. కావున అచ్చట సముద్రపు రూపము చక్కగా ఒప్పినది. తూర్పుకొండల మంచు గట్టిది. పెక్కుచోట్ల గడ్డకట్టి అద్దమువలె ఉండును. దానిపై తేలుట అను మాటయే లేదు. పలక అంచు మంచును కొరికి పట్టుకొనవలెను. అందుచేత కాలక్రమమున నడుము సన్నగించి, అంచులకు ఉక్కు కమ్ములను బిగించిరి. తొలిపలకలలో కొన్నింటికి సముద్రమునుండి తెచ్చుకొన్న రెక్కలు అడుగున ఉండెడివి. గట్టిమంచుపై అవి అడ్డమేగాని అక్కరకు రాలేదు. వానిని తీసివేసిరి.

పలక సముద్రమునుండి వచ్చిన మాట నిజమే. కాని మంచుమీద నిలదొక్కుకొనుటకు సముద్రపు గుణములు కొన్నింటిని వదలుకొనవలసి వచ్చెను. ఏది ఉంచుకొనవలెనో, ఏది వదలవలెనో చెప్పినది ఆ చోటి మంచు.

ఈ పలకలను స్కీ మైదానముల యజమానులు చాలకాలము రానీయలేదు. వెర్మాంటులోని స్ట్రాటను కొండ 1983లో తలుపు తెరచినది. అది తొలుత తెరచిన పెద్ద మైదానములలో ఒకటి. 1998లో జపానులోని నాగనో ఒలింపిక్సులో ఈ ఆటకు స్థానము లభించెను. పిల్లల బొమ్మ ఒలింపిక్సు చేరుటకు ముప్పదిమూడేండ్లు పట్టినది. ఈ మధ్య, లోతుమంచును కోరువారు మరల మిలోవిచ్ నాటి చీలినతోకల వైపు తిరిగినారు. నా మేనల్లుడు చూపిన బొమ్మ అట్టి పలకలలో ఒకదానిది.

అలలమీద ఎక్కి ఒడ్డునకు వచ్చుట మన తెలుగుతీరమునకు తెలియనిది కాదు. అచ్చటి పల్లెకారులు నాలుగైదు దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పపై మోకరించి, తెడ్డు వేయుచు, విరుగుచున్న కెరటమును దాటి వెళ్లి, కెరటముతోనే తిరిగివచ్చెడివారు. తమిళులు దానినే కట్టుమరమందురు. ఆంగ్లనావికుడు విలియం డాంపియరు 1697లో అచ్చువేయించిన తన యాత్రాగ్రంథములో దీనిని వర్ణించెను. చెన్నపట్టణమునకు కట్టుదిట్టమైన రేవు లేని దినములలో పెద్ద ఓడలు దూరముగా నిలిచిపోగా, కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలు సరకులను చేరవేయుచుండెడివి. మేకులు కొట్టిన పడవ ఆ కెరటముల దెబ్బకు బీటలువారును. కుట్టిన పడవ వంగి తట్టుకొనును. ఆ పడవలు సైతము దాటలేని పోటులో, ఉత్తరములను తలపాగలో దాచుకొని ఓడకు చేర్చినది తెప్పవాడే.

ఆ కట్టుమరము పేరు ఆంగ్లభాషలో ‘కాటమరాన్’ అయినది. పిమ్మట ఆ పేరు పసిఫికు దీవులవారి జోడుపడవల పోలికగల నావకు తగిలినది. 1876లో న్యూయార్కు పడవపందెమున నథానియెల్ హెరెషాఫ్ అను నౌకాశిల్పి ‘అమరిల్లిస్’ అను జోడుపడవను నడిపి పేరుమోసిన పడవలను ఓడించెను. ఓడినవారు అభ్యంతరము చెప్పిరి. అట్టి పడవలను మామూలు పందెములలో చేరనీయరాదని నిర్ణయించిరి. మంచుపలకకు స్కీ మైదానములు తలుపు మూసినది నూరేండ్ల తరువాతి మాట. క్రొత్త పనిముట్టు ఓడినచో నవ్వుదురు, గెలిచినచో వెలివేయుదురు. కావున పదిమంది నిరాకరించిరని ఒక పనిముట్టు చెడ్డది కానేరదు.

ఆటవస్తువుల మాట అట్లుండగా, అన్నము పెట్టు పనిముట్లకు వత్తము. విత్తనములను వరుసగా నాటు యంత్రమును ఇంగ్లండులో సుమారు 1701లో జెత్రో టల్ అనునతడు నిర్మించెను. గింజలను ఒక్కొక్కటిగా జారవిడుచు అమరికను తాను ఆర్గను వాద్యమునుండి గ్రహించితినని అతడే చెప్పుకొన్నాడు. ఆర్గను లోపలి పలకలో గాలిని విడుచుచు ఆపుచుండు నాలుకయు, గాడియు అతనికి దారి చూపినవి. దేవాలయములో పాటకు తోడైన సాధనము పొలములో విత్తునకు తోడైనది. అలలపలక మంచునెక్కుట కంటె ఇది తక్కువ వింత కాదు.

అయితే ఈ వింతకు మరియొక ముగింపు కలదు. 1790లలో దక్షిణదేశమున కుంఫిణీ కొలువులోనున్న కెప్టెన్ తామస్ హాల్కాట్ అను సేనాధికారి, ఒకనాడు గుఱ్ఱముపై పొలముల గట్లవెంట పోవుచు, ఎద్దులు లాగుచున్న ఒక విత్తనపు గొర్రును చూచెను. వరుసగా విత్తుట ఐరోపావారు ఈ మధ్య కనిపెట్టిన విద్య అని అతడు అంతవరకు తలచియుండెను. విచారింపగా, ఈ దేశమున అది ఎప్పటినుండి యున్నదో ఎవరును చెప్పలేకపోయిరి. అతడు ఆ గొర్రును గూర్చి ఇంగ్లండులోని వ్యవసాయసభకు వ్రాసి పంపెను.

కమలాపురపు వసారాలో ముసలి వడ్రంగి బాగుచేయుచుండినది ఆ జాతి గొర్రే. దాని నిర్మాణము చూచుటకు మిక్కిలి సులభము. ఒక అడ్డదూలమునకు పళ్లు. ఒక్కొక్క పంటి వెనుక ఒక వెదురుగొట్టము. గొట్టములన్నియు పైన ఒక కొయ్యగిన్నెలో కలియును. ఆ గిన్నెను జడ్డిగమందురు. ఒకరు ఎద్దులను తోలుచుండగా, వేరొకరు గుప్పిటిలోని గింజలను జడ్డిగములో జారవిడుచుచు నడతురు. ఆ విడుచుటలోనే విద్య అంతయు కలదు. చేయి తొందరపడిన మొలక దట్టమగును. తడబడిన వరుస వెలితియగును. కొర్రకొక చేయి, జొన్నకొక చేయి. మెట్టపొలములో విత్తు పైతడిలో పడరాదు, లోపలి పదునులో పడవలెను. ఆపైన గుంటకతో మన్ను కప్పవలెను. వరుసలు తీరుగా నున్నచో, మొలిచిన పిమ్మట నడుమ దంతె తోలి కలుపు తీయవచ్చును. వాన కురిసిన తరువాత పదును నిలుచునది కొలది దినములే. ఆ దినములలో ఊరి గొర్రులన్నియు ఒక్కసారి కదలును. గొర్రు విరిగినచో ఊరి వడ్రంగి ఆ రాత్రికే బాగుచేయవలెను. బాగుచేయగలుగును కూడ, ఏలయనగా దానిలో ఊరిలో దొరకని వస్తువు లేదు.

ఇట్టి గొర్రు ఉన్న దేశమునకు, హాల్కాటు చూచిన డెబ్బదియేండ్లకు, సీమనుండి విత్తనపు యంత్రములు వచ్చినవి! 1865లో గవర్నరు సర్ విలియం డెనిసను చొరవతో చెన్నపట్టణము చెంత సైదాపేటలో ఒక ప్రయోగక్షేత్రము ఏర్పడెను. అచ్చటికి ఆవిరినాగళ్లు, ఇనుపనాగళ్లు, విత్తనపు యంత్రములు, నూర్పుయంత్రములు మొదలగునవి ఇంగ్లండునుండి దిగినవి. ఉద్దేశము మంచిదే. కాని ఆ పనిముట్లు ఎవరి కొలతకు చేసినవి? బలమైన గుఱ్ఱముల జోడికి, పెద్ద కమతములకు, విరిగినచో ప్రక్కనున్న కర్మాగారమునకు. రైతు వచ్చి చూచి, తన ఎద్దుల జోడిని తలచుకొని, దణ్ణము పెట్టి తిరిగిపోయెను. దొరలలో పలువురు ఇది రైతు మూఢత్వమనిరి. 1889 చివర ఇండియాకు వచ్చి దేశమంతయు తిరిగిన వ్యవసాయ రసాయనశాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోయెల్కరు 1893లో వెలువడిన తన నివేదికలో వేరొక మాట చెప్పెను. ఈ దేశపు పనిముట్లు పెక్కు తమ పరిసరములకు తగినవనియు, క్రొత్తవి తేదలచినవారు వెలను, బరువును, ఊరిలో బాగుచేయించుకొను వీలును మొదట చూడవలెననియు అతని సలహా. వసారాలోని వడ్రంగి అడిగినదియు ఇదే.

సైదాపేటలో చెడినది ప్రభుత్వపు సొమ్ము కొంత మాత్రమే. అంతకంటె పెద్ద ప్రయోగమొకటి మన సీమలోనే జరిగినది. కర్నూలు–కడప కాలువ మీద నడచుచున్నవారిలో పెక్కుమంది దానిని సాగునీటి కాలువగానే ఎరుగుదురు. అది మొదట పడవల కాలువగా కూడ తలపెట్టబడినది.

సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టి 1852 నాటికి పూర్తిచేసెను. కాలువలు డెల్టాను తడిపినవి. ఆ కాలువలలోనే పడవలు ధాన్యమును మోసినవి. ఆ విజయమును చూచిన కాటను, రైలుకంటె పడవ చౌక అని వాదించుచు, తుంగభద్రను పెన్నతో కలిపి తీరమువరకు జలమార్గమును నిర్మింపవలెనని కలగనెను. 1858 ప్రాంతమున మద్రాసు ఇరిగేషను కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి 5 వంతున వడ్డీ చెల్లించెదమని ప్రభుత్వము హామీ యిచ్చెను. కర్నూలుకు ఎగువ సుంకేశుల కడ తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు చెంత హంద్రిని వంతెనపై దాటించి, కృష్ణా పెన్నా పరీవాహములకు నడుమనున్న మిట్టను మిట్టకందాల కడ త్రవ్వి, కుందేటి లోయగుండ కడపవరకు కాలువను తెచ్చిరి. నిడివి సుమారు 190 మైళ్లు, అనగా 306 కిలోమీటర్లు. ఈ కాలువ పెన్నను దాటు ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కమలాపురమునకు దూరము కాదు. పని 1871 నాటికి ముగిసెను. మూలధనమంతయు హరించి, ప్రభుత్వము మరికొంత అప్పు ఇయ్యవలసి వచ్చెను.

డెల్టాలో నడచిన పనిముట్టు ఇచ్చట ఏమైనది? పడవలకు అవసరమైనవి మూడు: ఏడాది పొడుగున నీరు, చివరన ఒక రేవు, మోయుటకు సరకు. తుంగభద్ర వేసవిలో చిక్కిపోవును. కాలువ కడపకడ నిలిచిపోయినది, సముద్రము చేరలేదు. ఇక సరకు మాట. చెన్నపట్టణమునుండి కడప, కమలాపురముల మీదుగ పోవు ఇనుపదారి సరిగా ఆ 1871లోనే రాయచూరువద్ద బొంబాయి దారితో కలిసెను. పడవకాలువ పుట్టిననాడే రైలుకూత వినవలసి వచ్చెను.

సాగు మాట చూతమా? కుందేటి లోయలో నల్లరేగడి నేల. ఆ నేల వాననీటిని పీల్చి పట్టుకొనును. దానిలో జొన్నయు, పత్తియు కాలువనీరు లేకయే పండును. డెల్టాలో వరి పండించు రైతువలె ఇచ్చటి రైతు నీటికై ఎదురుచూడలేదు. నీటితీరువ కట్టి, చేనిని చదునుచేసి, తెలియని పంట పెట్టుటకు అతడు వెనుకాడెను. 1876–78 మహాక్షామమున నీటి విలువ తెలిసినది. అయినను వానలు కురిసిన సంవత్సరమున నీరు అడుగువారు మరల తగ్గిరి. కంపెనీ నిలువలేకపోయెను. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసెను. హామీ వడ్డీ, అప్పు, కొనుగోలు ధర—ఈ బరువంతయు పడినది ఖజానాపై. అనగా పన్ను కట్టు ప్రజలపై. ఆ ప్రజలలో, కాలువనీటి బొట్టు చూడని మెట్టరైతులును ఉండిరి.

అంతటితో కథ ముగిసినదని తలచినచో అన్యాయము చేసినవారమగుదుము. పడవలు పోయినవి, నీరు మిగిలినది. తరువాతి తరముల రైతులు ఏ చేలకు నీరు పెట్టవలెనో, ఏ పంట వేయవలెనో తామే నేర్చుకొనిరి. ఇరువదవ శతాబ్దిలో కాలువకు మరమ్మతులు జరిగి, సుమారు 2,65,000 ఎకరముల ఆయకట్టు ఏర్పడినది. నేడు ఆ నీరు ఒక్కవారము ఆలస్యమైనచో రైతులు రోడ్డెక్కుదురు. కాటను కల పడవరూపమున ఓడి, పంటరూపమున బ్రదికినది. మంచుమీది పలక రెక్కను వదలుకొని నిలిచినట్లే, మెట్టమీది కాలువ పడవను వదలుకొని నిలిచినది. కాని పలక ఆ పాఠమును పదిరూకల కొయ్యముక్కలతో నేర్చినది; కాలువ కోట్ల రూపాయలతో నేర్చినది.

తేడా ఇచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది. పాపెను రెండు కర్రలు బిగించెను. అది పనికిరాకపోయినచో ఆ సాయంకాలము విప్పివేసెడివాడు. మిలోవిచ్ ఒక పలకను చేసి, జారి, పడి, లేచి, మరియొక పలకను చేసెను. పడినవాడును అతడే, దిద్దినవాడును అతడే. కాలువ విషయమున నష్టము భరించినది ఒకరు, దిద్దుబాటు అధికారము మరియొకరిది. సుంకేశులనుండి కడపవరకు త్రవ్విన తరువాత ఈ దారి తప్పని తెలిసినను విప్పుట ఎట్లు?

రైతు వెనుకాటునకును కారణమిదే. కొండపై పలక పొరపాటు చేసినచో ఆటగాడు మంచులో పడి నవ్వుచు లేచును. మెట్టసేద్యమున క్రొత్త యంత్రము పొరపాటు చేసినచో పదును దాటిపోవును. పదును దాటినచో ఆ యేటి పంట పోవును. పంట పోయినచో ఆ యింట అప్పు చేరును, లేదా వలస తప్పదు. కరవును కన్నులార చూచిన సీమలో ‘ముందు ప్రక్కచేనివాడు వేయనీ’ అను మాట పిరికితనము కాదు. అది లెక్క.

అట్లని రైతు క్రొత్తదానికి ఎప్పుడును తలుపు మూసినవాడు కాడు. దానికి ఒక మంచి సాక్ష్యము చెరకు గానుగ. 1870లలో బీహారులోని బిహియా అను చోట థామ్సను, మిల్ను అను ఇద్దరు దొరలు ఇనుపరోళ్ల గానుగను చేసిరి. అది తేలిక, ఎద్దులతో తిరుగును, బండిమీద చేనికి చేరును, పాత గానుగకంటె త్వరగా రసము తీయును. వారు చేసిన తెలివైన పని వేరొకటి కలదు. ఆ గానుగలను రైతులకు సీజనుకింతయని అద్దెకిచ్చిరి. నచ్చకున్నచో తిరిగి యిచ్చివేయవచ్చును. నష్టపు భయము తొలగగానే రైతు ముందుకు వచ్చెను. కొలది సంవత్సరములలోనే ఇనుపగానుగ దేశమున బహుప్రాంతములకు వ్యాపించెను. ఆవిరినాగలిని చూచి తిరిగిపోయినదియు, ఇనుపగానుగను బండికెత్తుకొనినదియు ఒక్క రైతే. మారినది రైతు మనస్సు కాదు, బేరపు తీరు.

నేడు రాయలసీమ చేలలో ట్రాక్టరుకు తగిలించు విత్తనపు గొర్రులు తిరుగుచున్నవి. ఇనుపచట్రము, ఇనుపగొట్టములు, గింజలను విడుచుటకు తిరుగుడు పళ్లెములు. చిన్నరైతులు పెక్కుమంది వీనిని కొనరు; ఎకరమునకింతయని బాడుగకు పిలుతురు. బిహియా గానుగ నేర్పిన పాఠము అడుగకయే అమలగుచున్నది. అందులో లోపము లేకపోలేదు. పదునుదినములలో అందరికిని ఆ ట్రాక్టరు ఒక్కనాడే కావలెను. తన వంతు వచ్చునప్పటికి చిన్నరైతు చేనిలో తడి ఆరిపోవచ్చును. అందుచేతనే మా యింటి గొర్రు ఇంకను వసారాలో ఉన్నది. ముసలి వడ్రంగికి ఇంకను పని యున్నది. క్రొత్తదానిని పరీక్షించువాడు పాతదానిని వెంటనే కట్టెలలో వేయరాదను బుద్ధి మా పెద్దలు నాకు చెప్పినది కాదు; ఆ గొర్రును చూచి నేను నేర్చుకొన్నది.

కాబట్టి, అలవాటు లేని పనిముట్టు పట్టి చూడదగినదేనా? తప్పక చూడదగినదే. చూడకున్నచో ఆర్గనునుండి విత్తనపు యంత్రము పుట్టియుండదు. కెరటమునుండి మంచుపలక వచ్చియుండదు. కాని చూచుటకు మునుపు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏ నేలకు చేసినది? నా నేలకు తగినట్లు దీనిని నేను గాని, నా ఊరి వడ్రంగి గాని మార్చగలమా? ఇది తప్పినచో నష్టము ఎవరిది? మూడవ ప్రశ్నకు ‘బీదవానిది’ అని సమాధానము వచ్చినచో, పరీక్షను ఒక మూల, ఒక మడిలో, సర్కారు ఖర్చుతోనో సంపన్నుని ఖర్చుతోనో జరుపవలెను. ఇది రైతుకు చెప్పవలసిన మాట కంటె, రైతుకు యంత్రములు చూపబోవు వారికి చెప్పవలసిన మాట.

మేనల్లుడు తిరిగిపోయిన తరువాత ఫోను చేసెను. ఆ చేపతోక పలకను వాడు కొనలేదు. ఒకదినమునకు అద్దెకు తీసికొని చూచినాడట. రాత్రి క్రొత్తమంచు కురిసినందున ఉదయము లోతుగా, మెత్తగా ఉండెను. “నీళ్ల మీద తేలినట్లే ఉండింది మామా,” అనెను. మధ్యాహ్నమునకు జనులు త్రొక్కి మంచు గట్టిపడగా, అదే పలకపై నాలుగుమార్లు పడినాడు.

ఆ వార్తను ముసలి వడ్రంగికి చెప్పితిని. అతడు నవ్వలేదు, ఆశ్చర్యపడలేదు.

“పొద్దున ఒగ నేల, మాపటికి ఒగ నేల. మన మాదిరే,” అని, పంటిని బిగించి, గొర్రును నిలువబెట్టి చూచుకొనెను.